ఆటుపోట్లలో పురుషకారం

దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అన్నది భారతీయ తత్వచింతనలో చాలా పాత ప్రశ్న. బౌద్ధ గ్రంథాలను బట్టి, ఆజీవికుడు మక్ఖలి గోశాలుడు సర్వమూ నియతి వశమనీ, ప్రయత్నం దేన్నీ మార్చలేదనీ బోధించాడు. మహాభారతం అనుశాసన పర్వంలో భీష్ముడు ధర్మరాజుకు వినిపించిన బ్రహ్మ వసిష్ఠ సంవాదం మాత్రం దైవాన్ని విత్తనంగా, పురుషకారాన్ని పొలంగా చెప్పి, రెండూ కలిస్తేనే పంట అంటుంది. తీరజలాల్లోని ప్లవకాలు ఈ వాదాలకు మంచి పరీక్ష.

ప్లవకాలంటే నీటి వాలున కొట్టుకుపోయే జీవులు. తీరం దగ్గర వాటి ఉనికిని చాలావరకు శాసించేవి ఆటుపోట్లు. ఎక్కువ తీరాల్లో సుమారు 12 గంటల 25 నిమిషాలకొక పోటు వస్తుంది. పున్నమి, అమావాస్యల వేళ ప్రవాహం ఉద్ధృతమై, లోతు తక్కువ చోట్ల అడుగు నీటిని, దానిలోని పోషకాలను పైకి కలుపుతుంది. అష్టముల వేళ ఉద్ధృతి తగ్గడంతో నీరు పొరలుగా నిలిచే వీలుంటుంది. బాగా కలిసిన నీరూ, పొరలుగా నిలిచిన నీరూ తారసపడే హద్దుల్లో ప్లవకాలు తరచు దట్టంగా ఉంటాయి.

ఒకటి రెండు మిల్లీమీటర్లుండే కోపెపాడ్ అనే ప్లవకం మామూలుగా సెకనుకు కొన్ని మిల్లీమీటర్లే ఈదుతుంది. పోటు నీరు సెకనుకు మీటరు వేగాన్ని అందుకోగలదు. ఎదురీత కుదరని పని. అయితే రాపిడి వల్ల అడుగున ప్రవాహం మందగిస్తుంది. అమెరికాలోని చెసపీక్ అఖాతంలో నీలి పీతల చివరి దశ డింభకాలు దీన్నే వాడుకుంటాయి. రాత్రి పోటులో పైకి లేస్తాయి, ఆటులో అడుగుకు దిగుతాయి. అలా పోటు వెంట పోటుగా సముద్రం నుంచి అఖాతం లోపలికి చేరతాయి.

ఆ లేవడం, దిగడం కూడా నియతే కదా అని నియతివాది అడగవచ్చు. ఉప్పదనం, వెలుతురు వంటి మార్పులకు శరీరం ఇచ్చే స్పందన అది, ప్రకృతి వరణం తరతరాలుగా దిద్దినది. డింభకానికి సంకల్పం ఉందనడానికి ఆధారం లేదు. మనిషి సంగతీ అంతేనన్నాడు 17వ శతాబ్దపు తత్వవేత్త స్పినోజా: కోరిక తెలిసి, దాని కారణాలు తెలియకపోవడం వల్లే మనిషి తాను స్వతంత్రుణ్ణనుకుంటాడు. ఈ వాదాన్ని ప్లవకాలు ఖండించలేవు.

గోశాలుడి మాట వేరు. అన్నిటికీ కారణం ఉందని ఒప్పుకున్నా, ప్రయత్నం వృథా అని తేలదు. ఆటులో అడుగుకు దిగిన డింభకం నిలుస్తుంది, పైనే ఉండిపోయినది వెనక్కి కొట్టుకుపోతుంది. చేతకు కారణం ఉండటం వేరు, ఫలం లేకపోవడం వేరు. పురుషకారానికి స్వేచ్ఛ ఉందని ప్లవకాలు నిరూపించవు. ఫలం ఉందని మాత్రం నిరూపిస్తాయి.