నోరులేని నోటు

డబ్బుకి ఎన్ని దుర్గుణాలున్నాయో చెప్పమంటే వేదాంతులు చాంతాడంత జాబితా చదువుతారు. దానికున్న ఒక్క సుగుణాన్ని మాత్రం ఎవరూ తలుచుకోగా నేను వినలేదు. కాగితం నోటుకి నోరు లేదు. ఎవరి చేతిలోంచి వచ్చిందో, ఎందుకు ఖర్చయిందో, బల్ల దాటిన మరుక్షణం మరిచిపోతుంది.

ఈ మతిమరుపు విలువ ఆడవాళ్ళకి తెలిసినంతగా మగవాళ్ళకి తెలియదేమో. మందుల షాపు ముందు నిలబడిన ఆడమనిషిని ఎప్పుడైనా గమనించారా? నలుగురు మగవాళ్ళుంటే రెండడుగులు వెనక్కి వేసి, వాళ్ళు వెళ్ళేదాకా బల్లమీది గ్లూకోజు డబ్బాల రాతలన్నీ చదువుతూ నిలబడుతుంది. తర్వాత మడతపెట్టిన చీటీ అందిస్తుంది. షాపతను పేపరులో చుట్టి, నల్లకవరులో పెట్టి ఇస్తాడు. ఆవిడ నోటిచ్చి, చిల్లర తీసుకుని గబగబా ఇంటిదారి పడుతుంది. ఆ కథ ఆవిడకీ, షాపతనికీ, భగవంతుడికీ మధ్యనే ఆగిపోయేది.

ఇప్పుడు ఆగడం లేదు. 2016లో యూపీఐ వచ్చింది. అదే ఏడాది నవంబరు 8 రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. 2020లో కరోనా వచ్చి నోటు ముట్టుకోవాలంటేనే భయం పుట్టించింది. ఇవాళ సందు చివరి మందుల షాపులో కూడా నలుపు తెలుపు గళ్ళ అట్టకి ఫోను చూపిస్తే చాలు. చూపించగానే పక్కనున్న బుల్లిపెట్టె "180 రూపాయలు అందాయి" అని సందంతా వినబడేలా చాటింపు వేస్తుంది. కిరాణా కొట్టులో అయితే వేస్తే వేసింది. చింతపండుకి నేనెంత ఇచ్చానో ఊరంతా వింటే నాకేం పోయింది? మందుల షాపు సంగతి వేరు. అక్కడ కొనే వస్తువు మన ఒంటి కథ చెబుతుంది.

అలాగని కొత్త పద్ధతిని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు సుమా! చిల్లర లేదంటూ అక్కర్లేని దగ్గుబిళ్ళలు అంటగట్టే బాధ తప్పింది. తెనాలిలో తల్లి షాపులో నిలబడి ఫోను చేస్తే, హైదరాబాదు ఆఫీసులో ఉన్న కూతురు క్షణంలో డబ్బు పంపగలుగుతోంది. ఆ అరిచే పెట్టె కూడా ఊరికే పుట్టలేదు. డబ్బు పంపినట్టు ఫోనులో దొంగబొమ్మ చూపించి సరుకు పట్టుకుపోయే ఘనులున్నారు కనక, బేరాల హడావిడిలో ఉన్న షాపతనికి అది కాపలా. న్యాయమే.

మరి నా పేచీ దేనితో? ఒక చిన్న సంగతి చెబుతాను.

నాకు తెలిసిన ఒకావిడ కొన్నాళ్ళుగా దిగులు తగ్గడానికి డాక్టరు రాసిన మాత్రలు వాడుతోంది. ఇంట్లో చెప్పలేదు. ఎలా చెప్పాలో ఇంకా తోచలేదు పాపం. నెలాఖరున భర్త బ్యాంకు లెక్కలు చూస్తూ, "ఇదేమిటి, ప్రతినెలా మందుల షాపుకి 340 రూపాయలు వెళుతున్నాయి?" అని అడిగాడు. కోపంగా ఏమీ కాదు, నిజంగా ఆదుర్దాతోనే అడిగాడు. ఆవిడ కంగారుపడి, "మీ అమ్మగారి కాల్షియం మాత్రలండీ" అనేసింది.

ఇక్కడే ఉంది నా ప్రశ్న. నిన్నటిదాకా ఆవిడ చేసింది చెప్పకపోవడం. ఇవాళ చేసింది అబద్ధమాడటం. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరముందో! చెప్పకపోవడంలో మనిషికి తన మాటలు తాను వెతుక్కునే వ్యవధి ఉంటుంది. రేపో ఎల్లుండో ధైర్యం చేసుకుని చెప్పి ఉండేది. అబద్ధమాడాక ఆ దారి సగం మూసుకుపోయింది. ఇప్పుడు జబ్బుతోపాటు అబద్ధాన్ని కూడా ఒప్పుకోవాలి. ఎవరూ చెడ్డవాళ్ళు కాని ఇంట్లో, ఒక లెక్కల వరస మంచిమనిషి చేత అబద్ధమాడించింది.

"మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికమేమిటమ్మా?" అని పెద్దావిడెవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. దాచిన జబ్బు ముదిరి ప్రాణంమీదికి తెచ్చిన ఇళ్ళు లేవా? గుండెజబ్బు మాత్రలు రహస్యంగా మింగుతూ తిరిగే తండ్రి సంగతి ఈ లెక్కల వల్లే పిల్లలకి తెలిస్తే మంచిదే కదా? కాదనను. ప్రభుత్వం కూడా కొన్ని మందుల విషయంలో మతిమరుపు పనికిరాదంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 నిబంధన ప్రకారం కొన్ని యాంటీబయాటిక్స్, క్షయ మందులు, కొన్ని నిద్రమాత్రలు అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, ఏ మందు, ఎంత ఇచ్చారు అన్నది వేరే రిజిస్టరులో రాసి 3 సంవత్సరాలు ఉంచాలి.

కానీ ఆ రిజిస్టరుని చూడండి. ఎందుకు రాస్తారో తెలుసు. ఎంతకాలం ఉంచాలో తెలుసు. తనిఖీకి ఎవరొస్తారో తెలుసు. దాని జ్ఞాపకానికి ఒక హద్దుంది. ఫోను నంబరు చెప్పందే బిల్లు కొట్టమనే పెద్ద షాపుల కంప్యూటరు జ్ఞాపకానికి హద్దేమిటి? బ్యాంకు లెక్కలో షాపు పేరూ, మొత్తమూ మాత్రమే పడతాయి. ఆ బిల్లులో మందు పేరు కూడా మన నంబరు పక్కన చేరుతుంది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం, ఆ స్త్రీ వివరాలు చట్టం అనుమతించినవారికి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదని డాక్టరు నోటికి తాళం వేసింది. డాక్టరు నోటికి తాళం వేసి, షాపు పెట్టె నోరు తెరిచి ఉంచితే ఏం లాభం?

గుట్టు అన్న మాటకి మన భాషలో ఎంత గౌరవముందో గమనించారా? గుట్టుగా సంసారం చేసుకుంటోంది అంటే మెచ్చుకోలే. 2016లో పోపులడబ్బాల్లో దాచిన నోట్లు బయటపడ్డప్పుడు నవ్వినవాళ్ళున్నారు. ఆ డబ్బంతా ఏమయ్యేది? పిల్లవాడి పరీక్ష ఫీజయ్యేది, పుట్టింట్లో తల్లి ఆసుపత్రి ఖర్చయ్యేది, ఎప్పుడైనా తన ఒంటికి మందయ్యేది. అది దొంగసొత్తా? ఒకరినడగకుండా ఊపిరి పీల్చుకోవడానికి ఇల్లాలు మిగుల్చుకున్న కాస్త జాగా, అంతే.

తమాషా ఏమిటంటే ఫోనులో కూడా అలాంటి డబ్బా ఒకటుంది. 2022లో వచ్చిన యూపీఐ లైట్‌లో కొంత సొమ్ము వేసుకుంటే, చిన్న ఖర్చులు పాసుపుస్తకంలో విడివిడిగా పడవు. వేసుకున్న మొత్తమే పడుతుంది. 2024లో యూపీఐ సర్కిల్ అని మరొకటి వచ్చింది. ఇంట్లో ఒకరి ఖాతాలోంచి ఇంకొకరు ఖర్చుపెట్టుకునే ఏర్పాటు. ఒక పద్ధతిలో నెలకి 15,000 రూపాయల దాకా అడగక్కర్లేదు. రెండో పద్ధతిలో ప్రతి ఖర్చుకీ ఖాతాదారు తన ఫోనులో సరేననాలి. మాత్రలు చేతిలో పట్టుకుని, అయ్యగారు సరేననేదాకా షాపు ముందు ఎదురుచూసే ఇల్లాలిని ఊహించుకోండి! యంత్రం ఒకటే. ఇంట్లోవాళ్ళకి ఏ పద్ధతి ఇస్తామన్నది మన సంస్కారం.

ఉత్తరాల రోజుల్లో భార్య పేర వచ్చిన కవరు బల్లమీద ఉంటే, ఆవిడ వచ్చేదాకా ముట్టుకోని భర్తలుండేవారు. విప్పడం చేతకాకనా? కవరు జిగురు ఎంత గట్టిదో అందరికీ తెలుసు. ఆ ఉత్తరాన్ని కాపాడింది ఆయన మర్యాద. ఇవాళ బ్యాంకు లెక్క జిగురులేని కవరు. కళ్ళు మూసుకోమని ఎవరూ అనరు. ఆడపిల్లకి తన పేర ఒక ఖాతా ఉండటం, "పెట్టె కాస్త తగ్గించు బాబూ" అని షాపతనితో అనగలగడం, పర్సులో ఇంకా చెల్లే నాలుగు నోట్లు ఉంచుకోవడం, ఇవన్నీ మంచివే. వీటన్నిటికంటే ముందు, అంకె కంటబడ్డప్పుడు అడిగే తీరు ఒకటుంది. "ఎందుకింత ఖర్చు?" అని అడిగితే లెక్క చెబుతాం, లేదా అబద్ధం చెబుతాం. "ఒంట్లో బాగుంటోందా?" అని అడిగి ఊరుకుంటే, వెంటనే కాకపోయినా, నాలుగు రోజులకి నిజం దానంతటదే వచ్చి పక్కన కూర్చుంటుంది. ఏమంటారు?