డ్యూటీ ఎక్కుట, డ్యూటీ దిగుట

జంషెడ్పూరు కదమాలోని మా క్వార్టరులో తెల్లవారి మేము పాఠములు బిగ్గరగా చదువబోయినంతనే అమ్మ పెదవులపై వ్రేలుంచి, "ఉష్! నాన్న నైట్ డ్యూటీ దిగి వచ్చి పడుకున్నారు" అనెడిది, గోడకు చేరవేసిన సైకిలు హ్యాండిలుకు ఖాళీ క్యారేజీ ఇంకను వ్రేలాడుచుండెడిది. బండి ఎక్కి దిగినట్లే డ్యూటీ ఎక్కి దిగుట, శ్రీకాకుళమునుండి ఉక్కు కర్మాగారమునకు వలసవచ్చిన మావారి నిత్యవ్యవహారము. ఫర్నేసును చల్లారనీయరాదు గనుక దినమును మూడు పాళ్లు చేసి, నిప్పు నిలిచియుండగా మనుష్యులు మారుచుందురు. వాషింగ్టనులో అంతర్జాతీయ కార్మికసభ 1919లో అంగీకరించిన ఎనిమిది గంటల పనిదినము ఇచ్చట 1912 నాటికే అమలులోనికి వచ్చినది.

ఈ ఊరికి డ్యూటీ అను మాట మరియొక విధమునను ఉపకరించినది. మొదటి ప్రపంచయుద్ధానంతరము విదేశములనుండి చౌకగా వచ్చిపడిన ఉక్కు ధాటికి చితికిపోవుచున్న కర్మాగారమును నిలబెట్టిన 1924 నాటి రక్షణసుంకము పేరును ఆంగ్లమున డ్యూటీయే. కార్మికుని కొలువునకును రేవులోని సుంకమునకును ఒకే పేరేల? రెండింటికిని మూలార్థము 'చెల్లింపవలసినది', అనగా బాకీ.

బాకీ భావము మనకు క్రొత్త కాదు. బ్రాహ్మణుడు ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడియే జన్మించునని తైత్తిరీయసంహిత చెప్పుచున్నది. అయినను గీతలోని స్వధర్మమును ఆంగ్లానువాదకులు పలువురు డ్యూటీగా మార్చినప్పుడు ఏదో జారిపోయినదని నా దృఢవిశ్వాసము: ధర్మము 'ధృ' ధాతుజన్యము, మోయునది, నిలుపునది, ఋణము తీరును, మోయుట తీరునా? మన పత్రికలవారు వ్రాయు 'విధినిర్వహణ'లోని విధి మరింత చిత్రమైనది. చేయవలసిన పనియు అదియే, నుదుటి వ్రాతయు అదియే. కొలిమియెదుట నిలిచినవాడు బాకీ తీర్చుచున్నాడా, లోకమును మోయుచున్నాడా, వ్రాసిపెట్టినది అనుభవించుచున్నాడా? జీతపు లెక్కకు మొదటి అర్థము చాలును; ఆ మనుష్యునికి చాలదు.

ఉద్యోగవిరమణానంతరము ఒక శ్రీరామనవమినాడు నాన్న, బిష్టుపురములోని ఆంధ్రభక్త శ్రీరామమందిరమున, ఉదయము ఆరు గంటలు మొదలుకొని పానకపు గంగాళము చెంతనే నిలిచియుండిరి. "ఇంక డ్యూటీ దిగండి నాన్నా, రెండయింది" అంటిని. "ఉండరా, వరుసలో ఇంకా జనం ఉన్నారు" అని, తలయైనను ఎత్తక, ఎదుట నిలిచిన పిల్లవాని గ్లాసు అందుకొనిరి.