ఏటిలో అరిగిన రాయి

చదువవలసిన భాగము: 1 సమూయేలు 17:38–40



గోదావరి ఇసుకలో పిల్లలు ఏరుకొను నల్లని గులకరాళ్లను మీరు చూచియున్నారు. నల్లనివన్నియు ఒకే జాతి కావు. తడిసిన రాయి ఏదైనను ముదురుగా కనబడును. గనుక రాతిని ఆరబెట్టి, పగిలిన ముఖమును చూడుడి. లోపలకూడ నల్లగానుండి, రేణువులు కంటికి ఆనక, పొరలు లేక, చేతికి బరువుగా తోచి, అక్కడక్కడ చిన్న గుంటలైనను తెల్లని చుక్కలైనను ఉన్నయెడల, అది బసాల్ట్ అను అగ్నిశిల యని తలంచవచ్చును. అది నీటికంటె దాదాపు మూడురెట్లు బరువు.

ఆ రాయి ఒకప్పుడు నిప్పువలె పారినది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను భూమి పగుళ్లలోనుండి కరిగిన రాయి పొంగి, పరచుకొని, గట్టిపడెను. అందు చిక్కిన వాయువు బుడగలే ఆ గుంటలు. తరువాత వాటిలో ఖనిజములు నిండగా తెల్లని చుక్కలాయెను. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరమున పుట్టిన గోదావరి, ఆ రాతినేలమీదనే తన 1,465 కిలోమీటర్ల ప్రయాణము మొదలుపెట్టును.

అయితే ఆ నునుపు అగ్నివలన కలిగినది కాదు. కొండనుండి విరిగిననాడు రాయి మొనలతో నుండెను. ప్రవాహము దానిని తోటిరాళ్లకు కొట్టెను, ఇసుకతో రుద్దెను. ముందుగా మొనలు అరిగిపోయెను.

దావీదు ఏరుకొనిన రాళ్లు అగ్నిశిలలని వాక్యము చెప్పదు. ఏలా లోయ సున్నపురాతి ప్రాంతము. అయినను వాటిని నునుపుచేసినదియు ఏరే. గొల్యాతు ఎదుటికి పోవునాడు దావీదు వాటిని చెక్కుచు కూర్చుండలేదు. వడిసెలకు తగినవి ఏటిలో ముందే సిద్ధపడియుండెను.

మన సంఘములలో పొలముగట్టు తగవువలన మాటలు మానిన అన్నదమ్ములున్నారు. పెండ్లిపిలుపు తప్పినదని ప్రభువు బల్లకే రాని కుటుంబములున్నవి. "ఎవరి జోలి నాకేల? ఇంటనే ప్రార్థించుకొందును" అని కొందరందురు. ప్రియులారా, ఒడ్డున పడియున్న రాయికి దెబ్బలు తగులవు. దాని మొనలును పోవు.

అయితే బలవంతుడు బలహీనుని నలుగగొట్టి, ఇది దేవుని శిక్షణ అని చెప్పకూడదు. ఏటిలో తగులుకొనిన రెండు రాళ్లును అరుగును. అవతలివాడే అరుగవలెనని కోరువాడు తన మొనను దాచుకొనుచున్నాడు.

మత్తయి 5:23, 24 చదువుడి. రాబోవు ప్రభువు బల్లకు ముందుగా, మీరు మాటలాడని సహోదరుని గడప త్రొక్కుడి. అతని తప్పు ఎత్తకమునుపు మీ తప్పు ఒప్పుకొనుడి. మనలను సిద్ధపరచు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.