పెరిగే పిల్లాడి చొక్కా

గరాజ్‌లో బోర్డు చూపిస్తూ ఆయన నన్ను మూడు ప్రశ్నలు అడిగాడు. మీ బరువెంత? ఎక్కడ దిగుతారు? వాటర్‌స్టార్ట్ వచ్చా? మొదటి రెంటికీ నిజమే చెప్పాను. 78 కిలోలు. ఫాస్టర్ సిటీ, థర్డ్ ఎవెన్యూ. మూడోదానికి "వచ్చు" అన్నాను. నడుంలోతు నీళ్లలో, ఎవరూ చూడనప్పుడు, పదిసార్లలో మూడుసార్లు వస్తుంది. అలా వచ్చేదాన్ని "వచ్చు" అనొచ్చా అన్నది ఈ వ్యాసంలో సగం. అలా అనేస్తే ఎవరికి ఏం పోతుందన్నది మిగతా సగం.

విండ్‌సర్ఫింగ్ తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. వేసవి మధ్యాహ్నాల్లో కాలిఫోర్నియా లోపలి లోయ పెనంలా కాలుతుంది. పసిఫిక్ నీళ్లు మాత్రం చల్లగానే ఉంటాయి. అక్కడ వేడెక్కి పైకి లేచిన గాలి చోటులోకి సముద్రపు గాలి, కొండల మధ్య సందులు వెతుక్కుని దూసుకొస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో బే మీదకి వచ్చేసరికి 20 నాట్స్, ఒక్కోరోజు 25. సాయంత్రం వాకింగ్‌కి వచ్చిన మన ఐటీ జనం "అబ్బ, ఏం గాలి" అంటూ జాకెట్ జిప్ మెడదాకా లాక్కునే గాలి అదే. నేనూ మూడేళ్లు జిప్ లాక్కున్నవాణ్ణే. ఆ తర్వాత నీళ్లలోకి దిగాను.

కొత్తవాళ్లు ఒక విషయం తలకిందులుగా ఊహిస్తారు. గాలి పెరిగితే సామాను పెద్దది కావాలనుకుంటారు. కావాల్సింది చిన్నది. గాలి వేగం పెరిగితే దాని తోపు వర్గంలో పెరుగుతుంది: 15 నాట్స్ 21 అయిందంటే తోపు దాదాపు రెండింతలు. అందుకే తెరచాప తగ్గించుకుంటూ పోవాలి. చేతివాటం లెక్క ఒకటుంది: బరువుని 1.4తో హెచ్చవేసి, గాలి నాట్స్‌తో భాగిస్తే తెరచాప ఎన్ని చదరపు మీటర్లుండాలో సుమారుగా వస్తుంది. నా బరువుకి 20 నాట్స్‌లో అయిదున్నర, 25లో నాలుగున్నర లోపు. ఇదికాక, తెరచాప కింది తాడు ఇంకా బిగిస్తే పై అంచు వదులవుతుంది. విసురు వచ్చినప్పుడు పై భాగం కాస్త వెనక్కి తెరుచుకుని ఎక్కువైన గాలిని వదిలేస్తుంది. బిగిస్తే వదులవడమేంటో నాకు చాలా రోజులు బుర్రకెక్కలేదు.

బోర్డు కూడా అంతే. వెడల్పాటి పెద్ద బోర్డు గట్టిగాలిలో, ఎగుడుదిగుడు నీళ్ల మీద, తెగిన చక్రంలా ఎగిరెగిరి పడుతుంది, కాళ్లకింద నిలవదు. సన్నటిదీ చిన్నదీ అయితే అంచు నీళ్లలోకి దిగి మాట వింటుంది. దాంతోపాటు అడుగున ఉండే ఫిన్ కూడా చిన్నది వేసుకోవాలి. కానీ చిన్న బోర్డుకి ఒక షరతుంది. బోర్డు పరిమాణం లీటర్లలో చెబుతారు, లీటరుకి సుమారు కిలో మోస్తుందని లెక్క. నా 78కి బోర్డు బరువు, మాస్ట్, తెరచాప, తడిసిన వెట్‌సూట్ కలిపితే ఓ 96 కిలోలు. ఆ గరాజ్‌లో గోడకి వేలాడుతున్న బోర్డు 85 లీటర్లు. అంటే వేగంగా పోతున్నంతసేపే అది నన్ను మోస్తుంది, ఆగితే మునుగుతుంది. వీటికి సింకర్లని పేరు. పెద్ద బోర్డు మీదైతే నిలబడి, తాడు పట్టి తెరచాపని నీళ్లలోంచి లాక్కోవచ్చు. సింకర్ మీద ఆ వీలు లేదు. నీళ్లలో వెల్లకిలా తేలుతూ తెరచాపని గాలికి పట్టాలి, గాలే మనిషిని బోర్డు మీదకి లేపాలి. అదే వాటర్‌స్టార్ట్. ఆయన ఆ ప్రశ్న ఎందుకడిగాడో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నాకు అప్పుడే తెలుసు.

మరెందుకు కొన్నాను?

మా అమ్మ నాకెప్పుడూ సరిపోయే చొక్కా కొనలేదు. "పెరిగే పిల్లాడు కదండీ, రెండు సైజులు పెద్దదివ్వండి" అనేది షాపులో. బూట్లైతే ముందు దూది కుక్కి. ఏడో తరగతికి కొన్న చొక్కా తొమ్మిదిలో సరిగ్గా పట్టేది, అప్పటికి రంగు వెలిసేది. ఇందులో ఎవరికీ నష్టం లేదు, క్లాసులో నలుగురు నవ్వడం తప్ప. కానీ ఒక పాఠం ఎక్కడో ఇంకిపోయింది: ఇప్పుడున్న నీకోసం కాదు, కాబోయే నీకోసం కొనాలి. 85 లీటర్ల బోర్డు నాకు అలాంటి చొక్కానే. ఒక తేడా ఉంది. ఇందులో ఎదిగినవాడికి పట్టేది చిన్న సైజు.

జులైలో ఒక శనివారం. 22 నాట్స్. 4.7 తెరచాప కట్టి దిగాను. గట్టు దగ్గర నీళ్లు నడుంలోతే కాబట్టి ఎలాగో లేచాను. ఆ తర్వాతి పది నిమిషాల గురించి రాయడం నాకు చేతకాదు. బోర్డు నీళ్లని తాకుతోందా లేదా అన్నట్టుంది, ఫిన్ సన్నగా మూలుగుతోంది, శాన్ మాటియో బ్రిడ్జి మీద కార్లు బొమ్మల్లా ఉన్నాయి. తిప్పబోయి పడ్డాను. అక్కడ లోతు. లేవబోయాను, తెరచాప తిరగబడింది. మళ్లీ లేవబోయాను. పదిలో మూడుసార్లన్న లెక్క అలసిపోనివాడిది. అలసినవాడికి పదిలో ఒక్కటీ లేదు. ఈలోగా గాలి మెత్తబడింది. గాలి తగ్గాక సింకర్ ఎలా ఉంటుందంటే, మునిగిన అరుగు మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఆటు మొదలై నీళ్లు నన్ను గట్టుకి దూరంగా లాగుతున్నాయి. గట్టు మీద మా ఆవిడ, పాప. నలభై నిమిషాలుగా తెరచాప లేవకపోవడం చూసి, 911 నొక్కేసి, కాల్ బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చుందని తర్వాత తెలిసింది.

గాలి తగ్గుతుందని కనిపెట్టి, పెద్ద సామాను వేసుకుని అప్పుడే నీళ్లలోకి వచ్చిన ఒక పెద్దాయన నన్ను చూశాడు. అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, బరువు కూడా అరవైకి అటూఇటూ. పక్కన ఆగి, ఎక్కువ మాట్లాడకుండా, బోర్డులు మార్చుకుందామన్నాడు. ఆయనది 115 లీటర్లు. దాని మీద నేను మోకాళ్ల మీద లేచి, నిలబడి, తాడు పట్టి తెరచాప లాగాను, వచ్చేసింది. నా సింకర్ మీద ఆయన హాయిగా నిలబడ్డాడు. అవును, నిలబడ్డాడు. ఆయన బరువుకి సామాను కలిపినా 78 కిలోలే. నన్ను ముంచిన బోర్డు ఆయన్ని తేల్చింది. ఇద్దరం మెల్లగా గట్టుకి వచ్చేసరికి పొద్దు వాలింది, గాలి పూర్తిగా చచ్చింది. "మంచి బోర్డు" అన్నాడాయన. తన సామాను విప్పుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆయన ఒక్కసారి కూడా తన కోసం నీళ్ల మీద తిరగలేదు.

అరిస్టాటిల్ నికోమాకియన్ ఎథిక్స్ రెండో భాగంలో మైలో అనే మల్లయోధుడి తిండి గురించి ఒక మాట ఉంటుంది. పది మోతాదులు ఎక్కువ, రెండు తక్కువ అనుకుందాం. అంతమాత్రాన శిక్షకుడు అందరికీ మధ్యలో ఉందని ఆరు పెట్టడు. అది మైలోకి చాలదు, కొత్తగా చేరినవాడికి అరగదు. మధ్యమార్గం అంటే అంకెల మధ్య కాదు, మనిషిని బట్టి అని. చదివినప్పుడు ఇందులో పెద్ద విశేషముందని అనిపించలేదు. 85 లీటర్ల మీద నిలబడ్డ ఆ పెద్దాయన్ని చూశాక వెనక్కెళ్లి మళ్లీ చదివాను. ధైర్యం, దుస్సాహసం రెండు వేర్వేరు పనులు కానక్కర్లేదు. ఒకే బోర్డు, ఒకే బే, ఒకే సాయంత్రం కావొచ్చు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. "ఎవడి కొలత వాడు తెలుసుకోవాలి" అని. కానీ ఈ మాట నా గొంతు దిగదు, రెండు కారణాలకి.

మొదటిది నా సొంత గొడవ. ఇంజనీరింగ్ అయ్యాక అమీర్‌పేటలో జావా కోర్సు చేశాను. నా రెజ్యూమేలో లేని రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టారు. "పెట్టారు" అనడం కూడా తప్పించుకోవడమే. పెట్టించుకున్నాను. ఇంటర్వ్యూలో "చేశారా?" అని అడిగితే "చేశాను" అన్నాను, గరాజ్‌లో "వచ్చు" అన్నంత తేలిగ్గా. ఉద్యోగం వచ్చింది. పక్క సీటాయన నాలుగు నెలలు నా కోడ్ రాత్రిళ్లు సరిచేశాడు. రెండేళ్ల అనుభవమున్నవాడు ఇంత తడబడతాడేంటని అడిగాడొకసారి. వేరే టెక్నాలజీ సార్ అన్నాను. ఆ ఏడాది ఆయన సొంత మాడ్యూల్ వెనకబడింది, అప్రైజల్‌లో దెబ్బ తిన్నాడు. నేను మాత్రం ఆ చొక్కాలోకి ఎదిగాను. ఇవాళ నా పనిలో నాకు ఎవరి సాయం అక్కర్లేదు.

బెర్నార్డ్ విలియమ్స్ 1976లో మోరల్ లక్ అనే వ్యాసం రాశాడు. అందులో గోగాన్ లాంటి ఒక చిత్రకారుణ్ణి ఊహిస్తాడు. కుటుంబాన్ని వదిలేసి బొమ్మలు వేయడానికి తాహితీ వెళతాడతను. ఆ పనిని సమర్థించగలిగేది ఏదైనా ఉంటే అది అతని విజయమే. ఆ విజయం వస్తుందో రాదో బయల్దేరేటప్పుడు అతనికీ తెలియదు. ఈ వాదన నాకు చాలాకాలం ఆసరా. ఉద్యోగంలో గెలిచాను, బోర్డు దగ్గర ఓడాను, తేడా అంతా అదృష్టంలో ఉందనుకోవచ్చు. అయితే విలియమ్స్ అంతటితో వదలడు. విజయం వచ్చినా, ఆ వదిలేయబడ్డవాళ్ల ఫిర్యాదు అలాగే మిగిలి ఉంటుందంటాడు. పక్క సీటాయన రాత్రిళ్లు నా విజయంతో తిరిగి రాలేదు. అలా చూస్తే నేను గెలిచిన చోటా ఓడిన చోటా బిల్లు ఒకటే, కట్టింది వేరేవాళ్లు. పెద్దాయనకి కనీసం తను ఏం మోస్తున్నాడో తెలుసు. నీళ్లలో పడ్డవాణ్ణి చూశాడు, ఆగాడు. పక్క సీటాయనకి తెలియదు. "నాకేం రాదు సార్, నేర్పించండి" అని అడిగి ఉంటే నేర్పించేవాడేమో, లేదేమో. ఆ నిర్ణయం ఆయనది. దాన్ని నేను కాజేశాను.

కాబట్టి మనకి మించినదానికి చెయ్యి చాచడంలో తప్పు లేదనే నా నమ్మకం. తేడా ఎంతుందో, దాన్ని ఎవరు మోయాల్సి వస్తుందో వాళ్ల దగ్గర దాచడం తప్పు. గరాజ్‌లో నిజం చెప్పి ఉంటే ఆయన 105 లీటర్లది చూపించేవాడు. అదీ నన్ను ఒక మెట్టు ఎక్కించేదే.

రెండో కారణం దీనికి ఎదురు నిలుస్తుంది. అమీర్‌పేటలో నిజం చెప్పి ఉంటే నాకు తలుపే తెరుచుకునేది కాదు. ఎక్స్‌పీరియన్స్ లేనివాడికి ఉద్యోగం లేదు, ఉద్యోగం లేనివాడికి ఎక్స్‌పీరియన్స్ రాదు. నీ కొలత తెలుసుకో అన్న మాట మన దగ్గర చాలామందికి చాలా తరాలు చెప్పారు. తాహతు అన్నారు, ఉన్నంతలో ఉండమన్నారు, స్వధర్మం అన్నారు. కొలబద్ద పట్టుకున్నవాడు ఎప్పుడూ ఎదుటివాడే. ఊళ్లో చెప్పులేసుకుని నడిచినందుకు తన్నులు తిన్నవాళ్లకి "నీ సైజు తెలుసుకో" అని నేను అరిస్టాటిల్‌ని ఎత్తి చెప్పలేను. గాలికి ఆ జబ్బు లేదు. నా 96 కిలోలు ఎవరి అభిప్రాయమూ కాదు. రెజ్యూమేలో రెండేళ్లు మాత్రం, ఎవరో గేటు దగ్గర కూర్చుని పెట్టిన అంకె. ఈ రెండు కొలతల్నీ ఒకే గాటన కట్టి నన్ను నేను తిట్టుకోవడమూ, నన్ను నేను వదిలేయడమూ రెండూ సులువే. అయినా ఆ గేటు మీద కోపం ఎంత న్యాయమైనదైనా, రాత్రిళ్లు మేలుకున్నది గేటు కాదు. ఇక్కడికొచ్చి ఆగిపోతాను ప్రతిసారీ.

ఆయన నంబరు నా దగ్గర ఇంకా ఉంది. పన్నెండేళ్లయింది. పండగలకి మెసేజ్ పెడతాను, ఆయన దండం బొమ్మ పెడతాడు. ఈ వ్యాసం పంపాలా అని ఆలోచిస్తున్నాను.

బోర్డు మాత్రం అమ్మకానికి పెట్టాను. ఇప్పుడు 105 లీటర్లతో దిగుతున్నాను, ఇంకో సీజన్ దాకా అదే. పోయిన వారం మన కుర్రాడొకడు, వాట్సాప్ గ్రూపులో చూశానంటూ ఫోన్ చేశాడు. బరువెంత తమ్ముడూ అని అడిగాను. 72 అన్నా. ఎక్కడ దిగుతావు? మీరు దిగేచోటే అన్నా. వాటర్‌స్టార్ట్ వచ్చా?

"వచ్చన్నా." చాలా తొందరగా అన్నాడు.

శనివారం కొయోటీ పాయింట్‌కి రా, బోర్డు నేనే తెస్తాను, నీళ్లలో చూద్దాం, డబ్బు సంగతి తర్వాత అన్నాను. చూసి చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు.