ఆకుపచ్చ పుస్తకం

సాయం అడగవచ్చిన మనిషిని “ఎందుకూ?” అని ఎదురు ప్రశ్న వెయ్యడం తప్పంటారా? వందరూపాయల చేబదులుకు వచ్చిన పక్కింటావిణ్ని కూడా “ఏం, ఇంకా జీతం రాలేదా?” అని అడిగేస్తుంటాం. అందులో తప్పేముందని నేనూ అనుకునేదాన్ని, 2020 ఏప్రిల్ దాకా.

మా పెరటి గదిలో ఉంటూ మా ఇంటిపని చేసే ఆవిడది కొత్తగూడ. ఉగాదికని పుట్టింటికి వెళ్లి లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయింది. బస్సుల్లేవు. పాకాల అడవి దాటి, నర్సంపేట మీదుగా హనుమకొండ రావాలంటే మాటలా! ఓ రోజు ఫోను చేసింది.

“అమ్మా, ఎంజీఎంల నా గోలీలు తీస్కోని పంపియ్యవా? నా పెట్టెల ఆకుపచ్చ పుస్తకం ఉన్నది. అది చూపిస్తె ఇస్తరట. పుస్తకం మాత్రం తెరవకమ్మా.”

తెరిచాను.

ఆస్పత్రిలో ఏమడుగుతారో, ఏ జబ్బో తెలియకుండా ఎలా వెళ్లనూ? ఇవి తరవాత వెతుక్కున్న కారణాలు. పెట్టె మూత ఎత్తినప్పుడు నాలో ఉన్నది ఉత్త ఆరా! లోపల హెచ్.ఐ.వి. అని చూడగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆవిడ కాదు, ఆవిడ రోజూ కడిగే మా గ్లాసులు. కలిసి తిన్నా తాగినా అది అంటుకోదని నాకు తెలుసు. ఒక నవలలో ఓ పాత్రచేత చెప్పించాను కూడా. పాత్రలచేత చెప్పించినంత సులువు కాదు చూశారూ, మనకు మనం చెప్పుకోవడం.

ఈ మందులు మన దేశంలో 2004 నుంచి సర్కారు ఉచితంగా ఇస్తోంది. తప్పకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి నిలిచినవారి నుంచి దాంపత్యంలో కూడా మరొకరికి సోకదు. మధ్యలో మానేస్తే మళ్లీ పెరుగుతుంది, ఆ మందుకే లొంగకుండా పోనూవచ్చు. అందుకే ఆ లాక్‌డౌన్‌లో రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చే ఏర్పాటు చేశారు. మనిషి రాలేకపోతే ఇంటివాళ్లకిచ్చారు. కొన్నిచోట్ల ఇళ్ల దాకా చేర్చారు. మంచి పనే, కాదనను. కానీ ఊళ్లోవాళ్ల కంట పడకూడదనే దగ్గరున్న ఆస్పత్రి వదిలి దూరం పోయేవాళ్లుంటారు కదా, వాళ్ల గుమ్మం ముందు ఆ సంచీతో ఎవరో దిగితే? ఇంట్లోనే చెప్పుకోలేని మనిషి ‘ఇంటివాళ్లను’ ఎక్కణ్నుంచి తెస్తుంది?

ఒకరి హెచ్.ఐ.వి. సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టం వచ్చింది. మరుసటేడు సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. మా పెరటి గదిలోని పెట్టె దాకా ఏ చట్టం వస్తుంది!

మందులు దొరికాయి. కందిపప్పు సంచీలో దాచి, అటు వెళ్లే కూరగాయల వ్యాను డ్రైవరుకిచ్చాను. “ఏమున్నయమ్మా ఇండ్ల?” అన్నాడు. “పప్పు నాయనా” అన్నాను. ఆ అబద్ధానికి నాకే విచారమూ లేదు. రెండోదే వేధించింది.

“ముట్టినయమ్మా” అని ఫోను చేసి, కాసేపాగి, “పుస్తకం తెరిచినవా?” అంది.

“లేదు” అన్నాను.

నిజం చెబితే నా గుండె బరువు దిగేది, ఆవిడకు ఎక్కేది. అలాగని సమర్థించుకున్నాను. అయినా మూడేళ్లపాటు ఆవిడ కాఫీ తెచ్చి ఇచ్చినప్పుడల్లా ఆ “లేదు” గొంతులో అడ్డం పడేది. చివరికి ఓ మధ్యాహ్నం చెప్పేశాను.

నవ్వింది. “తెరుస్తవని నాకెరుకే. ‘లేదు’ అన్నవ్ జూడు, గప్పుడు నా పానం నిమ్మలమైంది. ఎవ్వరికి చెప్పవని.”

ఇది రాయనా అనీ అడిగాను. ఈసారి ముందే అడిగాను లెండి. ఆనవాళ్లు కొన్ని మార్చమంది, మార్చాను.

“రాస్కో. గా కందిపప్పు మాత్రం ఎంతసేపు పెట్టినా ఉడకనే లేదమ్మా!”