బొబ్బిలి కోటలోని వృద్ధుడు



వైనతేయ గోదావరి యొడ్డుననున్న అప్పనపల్లి మొదలైన మన కోనసీమ గ్రామములలో, ఒకప్పుడు బుర్రకథ దళము వచ్చి బొబ్బిలి కథ యెత్తుకొన్నయెడల ఊరంతయు తెల్లవారువరకు కూర్చుండెడిది. తాండ్ర పాపారాయుని పేరు విన్నంతనే పిల్లల రొమ్ములు పొంగెడివి. ఇప్పటి పిల్లలకు వేరు యోధులున్నారు. సెల్‌ఫోనులలో వారు చూచు భవిష్యత్కాలపు కథలలో ఉక్కు కవచములు తొడిగిన మహాకాయులు నక్షత్రముల మధ్య యుద్ధము చేయుదురు. శత్రువు దాగెనను అనుమానముతో ఊళ్లకు ఊళ్లే కాల్చివేయుదురు.

ఒక ఆదివారము ఆరాధనానంతరము ఒక పడుచువాడు, "అయ్యగారూ, వారు మనుష్యజాతిని కాపాడుటకే గదా పోరాడుచున్నారు! దారిలో నిరపరాధులు కొందరు చచ్చినను తప్పేమి?" అని నన్నడిగెను. కథను గూర్చిన ప్రశ్నయే గదా అని త్రోసివేయ మనసొప్పలేదు. అతనితో బొబ్బిలి సంగతియే మాటలాడితిని.

1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీయు, అతనిని తోడు తెచ్చుకొన్న విజయనగరము రాజు విజయరామరాజును బొబ్బిలి కోటపై పడిరి. రెండు సంస్థానములకు పాత పగ; అందులో ఏటి నీళ్ల తగవు కూడ నుండెను. (కాలువ నీటికై గట్టుమీద కఱ్ఱలెత్తు మనకిది వింత కాదు.) ఫిరంగులు గోడలను పగులగొట్టెను. కోట నిలువదని తెలిసినప్పుడు లోపలివారు తమ ఇండ్లకు నిప్పుపెట్టి, భార్యలను బిడ్డలను తమ చేతులతోనే పొడిచి చంపి, తిరిగి గోడమీదికి వచ్చి పోరాడి చచ్చిరి. దొర రంగారావు కూడ కూలెను.

వారిని తొందరపడి నిందింపకుడి. గెలిచిన సేన చేతిలో స్త్రీలకు ఏమి జరుగునో వారికి తెలియును. వారి భయము వట్టి భయము కాదు. అయితే ఒక్క మాట అడుగక తప్పదు. ఆ పసిబిడ్డలను ఎవరైన అడిగిరా? గోడ బయటి వానికి వారు శత్రువు సంతానము. గోడ లోపలి వానికి వారు తన పరువు. పగయు పరువును ఒకదానితో నొకటి పోరాడుచున్నట్లే కనబడును గాని, ఉయ్యాలలోని బిడ్డ యొద్దకు వచ్చునప్పటికి రెంటిచేతను కత్తియే యున్నది. బిడ్డను బిడ్డగా చూచినవాడు ఏ ప్రక్కను లేడు.

లేడంటిని, ఒకడుండెను. ఆర్మ్ అను ఆంగ్ల చరిత్రకారుడు ఆ సంగతి వ్రాసియుంచెను. పోరు ముగిసిన తరువాత ఒక వృద్ధుడు ఒక బాలుని చేయిపట్టుకొని నడిపించుకొని వచ్చి, లా అను ఫ్రెంచి అధికారికి అప్పగించెను. వీడు రంగారావు కుమారుడనియు, తండ్రి చిత్తమునకు విరోధముగా తాను వీనిని బ్రదికించితిననియు చెప్పెను. ఆ ముసలివాని సాహసము చూడుడి. తన దొర మాట మీరెను. చంపిన చేతులలోనే బిడ్డను పెట్టుటకు నడిచివచ్చెను. ఫరో ఆజ్ఞ మీరి మగశిశువులను బ్రదుకనిచ్చిన హెబ్రీ మంత్రసానుల వంశమువాడే ఇతడును అనిపించును. లోపల జరిగిన ఘోరము విని బుస్సీ కోటలోనికి పోక తన గుడారములోనే యుండెనట. అతడు బాలుని దయతో చేర్చుకొని, తండ్రికి ఇవ్వజూపిన భూమిని కుమారునికి ఇచ్చెను. మధ్యాహ్నమువరకు ఫిరంగులు పేల్పించిన చెయ్యియే అది. బిడ్డ ఎదుట నిలిచినప్పుడు గాని ఆ చేతికి దయ జ్ఞాపకము రాలేదు. ముందే వచ్చియుండిన ఎంత బాగుండును!

పాపారాయుడు కొన్ని రాత్రుల పిమ్మట విజయరామరాజును గుడారములో పొడిచి చంపి తానును చచ్చెను. పాట అతనికి దక్కెను.

యొర్దాను తీరమున సిపాయిలు బాప్తిస్మమిచ్చు యోహాను నొద్దకు వచ్చి, మేమేమి చేయవలెనని అడిగిరి. కత్తి పారవేసి రమ్మని అతడు చెప్పలేదు. ఎవనిని బాధింపవద్దనియు, ఎవనిమీదను అబద్ధపు నేరము మోపవద్దనియు, జీతముతో తృప్తిపడుమనియు చెప్పెను (లూకా 3:14). నేను చిన్నతనమున ఇది మిక్కిలి చిన్న జవాబనుకొంటిని. ఇప్పుడట్లు తోచదు. బలము గలవాడు శత్రువు నెట్లు ఎదిరించునో యోహాను అడుగనేలేదు. వాడు వీధిలో నడచునప్పుడు ఆయుధము లేనివాని తలుపు వేసికొనవలసివచ్చునా లేదా అనునదే అతనికి ప్రశ్న.

మనకు కోటలు లేవు, ఫిరంగులు లేవు. అయినను 2022 మే 24న అమలాపురములో ఇండ్లు తగులబడిన సాయంకాలము మన మెరుగనిది కాదు. రెండు పక్షములకు తగవు వచ్చినప్పుడు పేటలో మొదట ఎవరి తల్లి పేరు తిట్టబడునో, ఎవరి పిల్లలు బడి మానుదురో మనకు తెలియును. ఆ పిల్లలకు ఆ తగవుతో ఏమి పని?

ఆ పడుచువాడు ఇదంతయు విని కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "అయ్యగారూ, ఆ కథ నేను రెండుసారులు విన్నాను. ఈ ముసలివాడు నాకు జ్ఞాపకమే లేడు" అనెను. నాకును చాల ఏండ్లు లేకుండెను. ఈసారి తీర్థమునకు మీ ఊరిలో బొబ్బిలి కథ చెప్పించిన యెడల, ఆ వృద్ధుడు బాలుని చేయిపట్టుకొని వచ్చు చోట దరువు కొంచెము ఆపుమని కథకుని అడుగుడి.