శ్రమకాలపు నోటుబుక్కు

ఈస్టరుకు స్థిరమైన తేదీ లేదు. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక తొలి ఆదివారం ఆ పండుగ. అందుకే అది మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడైనా పడవచ్చు. దానికి 46 రోజుల ముందు భస్మ బుధవారం. మధ్యలోని ఆరు ఆదివారాలు తీసేస్తే మిగిలేవి 40 రోజులు. వీటిని కొందరు శ్రమకాలం అంటారు, కొందరు లెంటు అంటారు, కతోలికులైతే తపస్సు కాలం అంటారు. హైదరాబాద్‌లోని తార్నాకలో ఈ రోజులు ఊపిరాడని వేళకే వస్తాయి. ఉస్మానియా క్యాంపస్‌లో థీసిస్ గడువులు, ఇంటర్నల్ పరీక్షలు, ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం లైబ్రరీలో తెల్లవారేదాకా కూర్చునే పిల్లలు. పక్కనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో మిజోరం నుంచీ, నాగాలాండ్ నుంచీ, కేరళ నుంచీ వచ్చిన విద్యార్థులు. 2025లోనూ 2026లోనూ భస్మ బుధవారం, రంజాన్ ఉపవాసాల ఆరంభం ఒకే వారంలో పడ్డాయి. తెల్లవారుజామున సహరీకి లేచేవాడూ, రాత్రి భోజనం మానేసి ప్రార్థనకు కూర్చునేవాడూ ఒకే గదిలో ఉండే రోజులవి.

ఈ 40 రోజులూ ఏం చేయాలన్నదానికి తెలుగు క్రైస్తవుల ఇళ్లలో జవాబులు సిద్ధంగానే ఉంటాయి. కొందరు మాంసం మానేస్తారు. కొందరు శుక్రవారాలు ఉపవాసముండి సాయంత్రం కూటానికి వెళ్తారు. ఫోనులోంచి ఇన్‌స్టాగ్రామ్ తీసేసే కుర్రకారూ ఉన్నారు. వీటి పక్కనే చడీచప్పుడు లేని అలవాటు ఇంకొకటి ఉంది. ఒక నోటుబుక్కు పెట్టుకుని, పడుకునే ముందు ఆ రోజు గురించి నాలుగు ముక్కలు రాయడం.

రాయడమెందుకు, ప్రార్థన చాలదా అన్న ప్రశ్న న్యాయమైనదే. మన సంఘాల్లో నోటి ప్రార్థనకు ఒక పాత బాణీ ఉంది. అది అమ్మమ్మల నుంచి, ఊరి పాస్టరు అయ్యగారి నుంచి, బైబిలు గ్రాంథికం నుంచి వచ్చింది. వినడానికి ఎంతో గంభీరంగా ఉంటుంది. కళ్లు మూసుకోగానే అయోగ్యులము, పాపులము అన్న మాటలు తడుముకోకుండా వచ్చేస్తాయి. అలా వచ్చేయడంలోనే చిక్కుంది. చేసిన తప్పు ఫలానా అని ఒక్కసారి కూడా పేరు పెట్టకుండా పదేళ్లపాటు ఆ మాటలు అనవచ్చు. కాగితం దగ్గర అది సాగదు. "పొద్దున మెస్సుల వాడు పిలిచిండు. ఇననట్టు ప్లేటు తీస్కొని వేరే బల్లకు పోయిన" అని ఇంటి మాటలో ఒక్క వాక్యం రాసిన చేతికి, కింద మళ్లీ అయోగ్యుడను అని రాయవలసిన పని ఉండదు. పేరుంది, చోటుంది, చేసిన పని ఉంది.

ఇక్కడ ఉస్మానియా చరిత్ర గుర్తుకు రావడం సహజం. 1918లో ఈ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. పై చదువు ఇంగ్లీషులోనే సాగాలన్న పట్టుదలకు అదొక పెద్ద జవాబు. అయితే ఆ ఉర్దూ తెలంగాణలో చాలామంది పిల్లల ఇంటి భాష కాదు. ఒక మనిషి లోతుగా ఆలోచించేది ఏ భాషలో అన్న ప్రశ్న ఆ ప్రాంగణంలో మొదటి రోజు నుంచీ ఉంది. శ్రమకాలపు నోటుబుక్కుకూ అదే ప్రశ్న వర్తిస్తుంది. వరంగల్ పిల్ల వరంగల్ మాటలో, గుంటూరు కుర్రాడు గుంటూరు యాసలో, ఐజ్వాల్ నుంచి వచ్చిన అమ్మాయి మిజోలో రాసుకోవాలి. వేదిక భాషలో రాసుకున్న ఆత్మపరిశీలన తొందరగా ప్రసంగమైపోతుంది.

విశ్వవిద్యాలయం హాస్టలు గదిలో ఈ అలవాటు కొత్తదేమీ కాదు. 1729లో ఆక్స్‌ఫర్డ్‌లో చార్లెస్ వెస్లీ అనే విద్యార్థి మరి కొందరితో కలిసి ఒక చిన్న గుంపు మొదలుపెట్టాడు. అక్కడే ఉపాధ్యాయుడిగా ఉన్న అన్న జాన్ వెస్లీ త్వరలోనే దానికి పెద్ద దిక్కయ్యాడు. తోటివాళ్లు వేళాకోళంగా పెట్టిన పేర్లలో హోలీ క్లబ్ ఒకటి, మెథడిస్టులు మరొకటి. వాళ్లు బుధ, శుక్రవారాలు ఉపవాసముండేవారు. వారం వారం ప్రభు భోజనం తీసుకునేవారు. తమను తాము నిలదీసుకునే ప్రశ్నల జాబితా ఒకటి తయారు చేసుకున్నారు. జాన్ వెస్లీ డైరీ అయితే గంట గంటకూ నడిచేది. ఆ గంటలో భక్తి ఎంత ఉందో అంకెతో సహా గుర్తు పెట్టేవాడు. ఇతరుల కంట పడకుండా సంకేత లిపిలో రాసేవాడు. ఆ లిపిని రిచర్డ్ హైట్జెన్‌రేటర్ అనే చరిత్రకారుడు 20వ శతాబ్దంలో విప్పి చదివాడు.

ఆ గుంపు గురించి చెప్పుకోవలసిన అసలు సంగతి వేరే ఉంది. 1730 నుంచి వాళ్లు ఆక్స్‌ఫర్డ్ కోటలోని జైలుకు వెళ్లడం మొదలుపెట్టారు. అప్పులు తీర్చలేక అక్కడ పడి ఉన్నవాళ్లను కలిశారు, పేదల పిల్లలకు చదువు చెప్పించారు. డైరీ రాసినవాళ్లే జైలు గడప తొక్కారు. ఆ రెండు పనులనూ విడదీసి చూస్తే రెండూ అర్థం కావు.

ఆ వెస్లియన్ ధార ఇక్కడికీ వచ్చింది. 19వ శతాబ్దం చివర్లో వెస్లియన్ మిషనరీలు సికింద్రాబాద్ చేరారు. వారిలో చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో మెదక్ చర్చి లేచింది. కరువు రోజుల్లో జనానికి పనీ కూడూ దొరకాలన్న తలంపుతో 1914లో మొదలైన కట్టడం అది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఆ సంఘాలన్నీ అందులో కలిశాయి. ఇవాళ మెదక్ నుంచి వచ్చి తార్నాకలో గది అద్దెకు తీసుకున్న విద్యార్థికి తెలియకపోవచ్చు గానీ, అతని నోటుబుక్కుకు ఆక్స్‌ఫర్డ్ హాస్టలు గదితో చుట్టరికం ఉంది.

లెక్క రాసుకునే పద్ధతి వెస్లీ కంటే పాతది. 1548లో పోపు ఆమోదం పొందిన ఇగ్నేషియస్ లొయోలా 'ఆధ్యాత్మిక సాధనలు' పుస్తకంలో వారానికి సరిపడా గీతల పట్టిక ఒకటి ఉంటుంది. మనిషి తనలోని ఒకే ఒక్క లోపాన్ని ఎంచుకుని, దానిలో పడిన ప్రతిసారీ గీత మీద చుక్క పెట్టాలి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి లెక్క చూసుకోవాలి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలా కనిపించే ఈ పద్ధతిలో తెలివి ఉంది. లోపాలన్నిటినీ ఒకేసారి దులపబోయేవాడికి ఏదీ చేతికి చిక్కదు. ప్రమాదమూ ఉంది. చుక్కలు తగ్గితే గర్వం, పెరిగితే కుంగుబాటు. అంత పట్టుగా డైరీ రాసిన వెస్లీకి కూడా ఆ లెక్కల్లో శాంతి దొరకలేదు. 1738 మే 24 రాత్రి లండన్‌లోని ఒక కూటంలో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుండగా విన్నప్పుడే గుండెకు వెచ్చదనం తెలిసిందని ఆయనే రాసుకున్నాడు. మార్కులు, ర్యాంకుల మధ్య పెరిగిన మన పిల్లలకు ఈ హెచ్చరిక మరీ అవసరం. దేవుడి ముందు కూడా అటెండెన్సు రిజిస్టరు తెరిచి కూర్చుంటే శ్రమకాలం మరో సెమిస్టరు అవుతుంది.

మరి ఏం రాయాలి?

ప్రభు బల్లలో పాలుపొందే ముందు ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలన్న మాట చర్చికి వెళ్లేవాళ్లందరూ విన్నదే. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, 11వ అధ్యాయం. సాధారణంగా దాన్ని లోపలి మలినం గురించిన మాటగానే వింటాం. ఆ అధ్యాయాన్ని పది వచనాల ముందు నుంచి చదివితే దృశ్యం మారిపోతుంది. కొరింథులో కలిసి భోజనం చేయాల్సిన చోట ఉన్నవాళ్లు ముందే తిని, తాగి మత్తెక్కుతున్నారు. లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయి సిగ్గుపడుతున్నారు. పరీక్షించుకోండి అన్న ఆజ్ఞ పుట్టింది ఆ భోజనాల బల్ల దగ్గర. నీ పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరిని కూర్చోనివ్వలేదు, ఎవరి ఆకలి నీకు కనిపించలేదు అన్నవే అసలు ప్రశ్నలు.

తెలుగు క్రైస్తవ సంఘం ఈ ప్రశ్నను పక్కకు నెట్టే వీలు లేదు. ఇక్కడి విశ్వాసుల్లో ఎక్కువమంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. ఊరి బావి దగ్గరికి రానివ్వని రోజుల్లో ఒకే బల్ల, ఒకే గిన్నె అన్న మాట వాళ్లను చర్చి దాకా నడిపించింది. ఆ సంఘాల్లోనే పెళ్లి సంబంధాల దగ్గరా, కమిటీ ఎన్నికల దగ్గరా కులం మళ్లీ లెక్కకు వస్తుందన్నది లోపలివాళ్లందరికీ తెలిసిన బాధ. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా తల్లిదండ్రులు క్రైస్తవులు. ఇద్దరివీ వేర్వేరు కులాలు కావడంతో ఆయన అవమానాలు రెండు వైపుల నుంచీ పడ్డాడు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో గుడిలోకి ప్రవేశం లేని మనిషి, గుడిలోకి స్వేచ్ఛగా వెళ్లగల పక్షితో కాశీలోని శివుడికి తన మొర పంపుతాడు. అదే కవి రాసిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తన బతుకును ఆయన 'నా కథ' పేరుతో పద్యాల్లో రాసుకున్నాడు. శ్రమకాలంలో ధ్యానపుస్తకాలతో పాటు జాషువానూ పక్కన పెట్టుకోవడం మంచిది. తెలుగు క్రైస్తవుడు తన గురించి తాను నిజాయితీగా రాసుకుంటే ఎలా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది. ఆ రాతలో లోపలి గాయం, బయటి అన్యాయం విడివిడిగా ఉండవు.

కాబట్టి రాత్రి నోటుబుక్కులో మొదట రావలసింది మనుషుల పేర్లు. ఇవాళ నాకు మేలు చేసినవాళ్లు, నేను తప్పించుకు తిరిగినవాళ్లు, నా వల్ల చిన్నబోయినవాళ్లు. మెస్సులో వడ్డించే ఆయనా, కారిడారు ఊడ్చే అమ్మా ఆ జాబితాలో ఉండాలి. వాళ్ల పేర్లు తెలియకపోతే ఆ సంగతే మొదటి రోజు రాయవలసిన వాక్యం. తర్వాత ఒక చిన్న వచనం, దాని కింద రేపు చేయవలసిన ఒక్క పని. అంతకంటే ఎక్కువ రాస్తే అలసట వస్తుంది, అలసట వస్తే రెండో వారంలో ఆగిపోతుంది.

రాత మనిషి మీద పనిచేస్తుందనడానికి ఆధారం చర్చి బయట కూడా ఉంది. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 46 మంది కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం ప్రచురించారు. నాలుగు రోజుల పాటు రోజుకు 15 నిమిషాలు కొందరు తమ జీవితంలోని పెద్ద గాయాల గురించి రాశారు, కొందరు మామూలు విషయాల గురించి రాశారు. జరిగిన సంగతినీ, దాని వెనక ఉన్న బాధనూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో క్యాంపస్ ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. ఈ చివరి సంగతిని శ్రమకాలంలో రాసుకునేవాళ్లు గుర్తుంచుకోవాలి. మొదటి వారం తేలిక పడకపోతే ప్రార్థన వినబడలేదని అనుకోనక్కర్లేదు. బరువు మోయలేనంతగా ఉంటే నోటుబుక్కు మూసి, నమ్మకమైన మనిషి దగ్గరికో వైద్యుడి దగ్గరికో వెళ్లాలి.

మట్టల ఆదివారం దాటాక రాతకు తీరిక తగ్గుతుంది. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ఆరాధన. 1687 భూకంపం తర్వాత పెరూలోని లిమా నగరంలో జెస్యూట్ గురువు అలోన్సో మెస్సియా ఈ మూడు గంటల పద్ధతి మొదలుపెట్టాడని చెబుతారు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మూడు లూకాలో, మూడు యోహానులో, ఒకటి మత్తయి, మార్కుల్లో ఉన్నాయి. మన చర్చిల్లో ఒక్కో మాట ఒక్కొక్కరికి ఇస్తారు, యువజనులకూ ఒకటి దక్కుతుంది. క్షమాపణ గురించిన మొదటి మాట చెప్పమని పిలుపు వచ్చిన విద్యార్థి నెలరోజుల పేజీలు వెనక్కి తిప్పితే, తాను ఎవరితో మాట్లాడటం మానేశాడో ఆ పేరు అక్కడే ఉంటుంది. అర్పణ బలిపీఠం ముందే విడిచి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ఉంది. వేదిక ఎక్కే ముందే ఆ గది తలుపు తట్టాలి. తట్టలేకపోతే ఆ మాట చెప్పే అవకాశాన్ని ఇంకొకరికి ఇవ్వడం నిజాయితీ.

ఇంత సిద్ధపాటు గురించి మాట్లాడుకుంటున్నా, సువార్తల్లో ఈస్టరుకు సిద్ధపడినవాళ్లు ఒక్కరూ లేరన్నది నిజం. లూకా ప్రకారం స్త్రీలు సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకుని, విశ్రాంతి దినం గడిచాక తెల్లవారుజామున సమాధి దగ్గరికి వెళ్లారు. వాళ్లు సిద్ధపడింది మృతదేహం కోసం. ఆ ద్రవ్యాలు అక్కరకు రాలేదు. అయినా ఆ ఉదయం అక్కడ ఉన్నది వాళ్లే. 40 రోజుల రాత పండుగను తీసుకురాదు, ఆనందాన్ని గ్యారంటీ చేయదు. ఏం జరగబోతోందో తెలియకపోయినా, ప్రేమించినవారి కోసం చేయవలసిన పని పట్టుకుని లేచి వెళ్లే మనిషిని తయారు చేస్తే చాలు.

పేతురు విషయమూ అంతే. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట బొగ్గుల నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ అతడు యేసును ఎరుగనన్నాడు. యోహాను 21వ అధ్యాయంలో మళ్లీ బొగ్గుల నిప్పులే, ఈసారి సముద్రం ఒడ్డున, చేపలతో రొట్టెలతో. మూడుసార్లు కాదన్నవాడిని యేసు అక్కడ నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. ఇది జరిగింది పునరుత్థానం తర్వాత. అంటే మనసు కుదుర్చుకునే పని పండుగ రోజుతో ముగియలేదు. సంఘ క్యాలెండరులో ఈస్టరు కాలం పెంతెకొస్తు దాకా 50 రోజులు నడుస్తుంది. నోటుబుక్కులో ఇంకా కొట్టివేయని పేర్లకు ఆ రోజులు చాలు. క్యాంపస్‌లో మాత్రం అంత వ్యవధి ఉండదు. పరీక్షలు అయిపోగానే ఎవరి ఊరి బస్సు వాళ్లు ఎక్కేస్తారు, కొందరు మళ్లీ తార్నాక రారు. హాస్టళ్లు ఖాళీ అయ్యేలోపే ఆ మనిషిని వెతికి పట్టుకుని టీకి పిలవాలి.